శంషాబాద్ – దుబాయ్: టికెట్‌లో పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలు. అసలు ప్రయాణం ఎంతసేపు?

ఓరుగల్లు_పిల్ల
అమ్మను మొదటిసారి దుబాయ్ పంపిస్తున్నాం. అన్నయ్య అక్కడే ఉంటాడు, వదినకు డెలివరీ టైమ్ దగ్గరపడింది. టికెట్ వచ్చింది కానీ చూస్తుంటే అయోమయంగా ఉంది. పోయేటప్పుడు శంషాబాద్‌లో ఉదయం 10 గంటలకు లేచి 12:30కి దిగుతుందట. తిరిగి వచ్చేటప్పుడు రాత్రి 9:50కి లేచి తెల్లవారుజామున 2:50కి దిగుతుందట. అంటే పోవడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదు గంటలా? దారి అదే కదా. ట్రావెల్స్‌లో అడిగితే "టైమ్ తేడా మేడం" అని ఫోన్ పెట్టేశారు. అమ్మకు షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటుంది. గాల్లో ఎన్ని గంటలు ఉంటుందో, ఎప్పుడు తినాలో ముందే తెలిస్తే నాకు టెన్షన్ తగ్గుతుంది. హనుమకొండలో ఇంటి నుంచి ఎన్నింటికి బయలుదేరాలో కూడా చెప్పండి.

మెట్‌పల్లి_టు_దుబాయ్
టికెట్ మీద ఎప్పుడైనా ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు చెల్లె. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అక్కడ 12:30 అంటే మన దగ్గర మధ్యాహ్నం 2. అంటే పోవడానికి నాలుగు గంటలు. వచ్చేటప్పుడు అక్కడ రాత్రి 9:50 అంటే మనకు 11:20. మన టైమ్ ప్రకారం 2:50కి దిగుతారు కాబట్టి మూడున్నర గంటలు. మీ అమ్మగారు ఫోన్‌లో టైమ్ మార్చుకోకుండా చేతికి మన టైమ్ ఉన్న వాచీ పెట్టుకోమనండి, ఇన్సులిన్ లెక్క తప్పదు.

ఓరుగల్లు_పిల్ల
థాంక్స్ అన్నా. వాచీ మాట బాగుంది.

కాజీపేట_జంక్షన్
ఆగండాగండి. టికెట్ చూస్తే వచ్చేటప్పుడే ఎక్కువ టైమ్. లెక్క కడితే పోయేటప్పుడు ఎక్కువ టైమ్. గంటన్నర తేడా తీసేశాక కూడా అరగంట మిగులుతోంది. అది ఎక్కడి నుంచి వచ్చింది?

గోదావరిఖని_షిఫ్ట్
నాకూ అదే డౌట్. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. మనం పడమరకు పోతుంటే దుబాయ్ మనకు ఎదురొస్తున్నట్టే కదా. మరి తొందరగా చేరాలి. రివర్స్‌లో ఎందుకుంది?

జనగామ_లెక్కల_సారు
భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది. నడుస్తున్న రైల్లో నాణెం పైకి ఎగరేస్తే మన చేతిలోనే పడుతుంది కానీ వెనక బోగీలో పడదు కదా, ఇదీ అంతే. విమానం లేచేటప్పటికే భూమి వేగం దానికి ఉంది. కాబట్టి దుబాయ్ ఎదురు రాదు.

అరగంట తేడాకు కారణం గాలి. విమానాలు ఎగిరే 10–12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో ఉత్తర భారతం మీద, గల్ఫ్ వైపు అది దక్షిణానికి జరిగి ఉంటుంది. గంటకు 150 కిలోమీటర్లు దాటడం మామూలే. పోయేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోసే గాలి.

లెక్క చూడండి. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి నేరు దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం గాలిలో గంటకు 850 పోతుందనుకుందాం. దారి పొడవునా సగటున 70 ఎదురుగాలి ఉంటే నేల మీద లెక్కకు 780. 2,550ని 780తో భాగిస్తే 3 గంటల 16 నిమిషాలు. వచ్చేటప్పుడు 850కి 70 కలిపితే 920. అప్పుడు 2 గంటల 46 నిమిషాలు. సరిగ్గా అరగంట తేడా. దీనికి విమానం నేల మీద రన్‌వే దాకా పోవడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం కలిపి ఇంకో 35–40 నిమిషాలు వేసుకోండి. టికెట్‌లో ఉన్న నాలుగు గంటలు, మూడున్నర గంటలు వచ్చేస్తాయి.

వేయిస్తంభాల_దగ్గర
సారూ, టెన్త్‌లో మీరు మాకు చెప్పి ఉంటే నేను కూడా ఇంజనీర్ అయ్యేవాణ్ని.

గోదావరిఖని_షిఫ్ట్
ఒప్పుకుంటా సార్, కానీ ఒకటి. ఆ గాలి పడమర నుంచి తూర్పుకే ఎందుకు వీస్తుంది? దానికి భూమి తిరగడమే కారణం అని ఎక్కడో చదివాను. అట్లయితే నేను అన్నది మొత్తానికే తప్పు కాదు.

జనగామ_లెక్కల_సారు
మంచి ప్రశ్న. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి పైకి లేచి ఉత్తరానికి కదులుతుంది. భూమధ్యరేఖ దగ్గర నేల తిరిగే వేగం ఎక్కువ, ఉత్తరానికి పోయేకొద్దీ తక్కువ. పైకి లేచిన గాలి తన పాత వేగాన్ని వెంట తెచ్చుకుంటుంది కాబట్టి కింద ఉన్న నేల కంటే ముందుకు, అంటే తూర్పుకు ఉరుకుతుంది. ఉష్ణమండలం అంచున జెట్ స్ట్రీమ్ పుట్టేది అట్లాగే. భూమి తిరగడం కారణమే. కానీ దాని ఫలితం మీరు అనుకున్నదానికి ఎదురు దిశలో వస్తుంది.

గోదావరిఖని_షిఫ్ట్
ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. నైట్ షిఫ్ట్‌లో పక్కోడికి చెప్పాలి దీన్ని.

మానేరు_గట్టు
సారు మాటకు చిన్న సవరణ. ఆగస్టులో ప్రయాణం చేసేవాళ్లకు ఇంత తేడా కనిపించదు. వానకాలంలో ఆ పడమటి గాలి హిమాలయాల అవతలికి జరిగిపోతుంది. మన దక్షిణాది మీద అంత ఎత్తులో తూర్పు గాలులు వస్తాయి. నేను కరీంనగర్‌లో ట్రావెల్స్ నడుపుతాను, కస్టమర్లు కూడా చెప్తుంటారు, జనవరిలో పోయిన ఫ్లైట్ కంటే వానకాలంలో పోయింది తొందరగా దిగిందని. టికెట్‌లో మాత్రం సీజన్ మొత్తానికి ఒకటే టైమ్ వేస్తారు.

కాజీపేట_జంక్షన్
అయితే ఢిల్లీకి పోవడానికి, రావడానికి తేడా ఉండకూడదు కదా? అది ఉత్తరం వైపు.

మానేరు_గట్టు
అవును. శంషాబాద్ నుంచి ఢిల్లీకి నేరుగా 1,270 కిలోమీటర్ల లోపే. రెండు వైపులా రెండుంబావు గంటలకు అటూ ఇటుగా వేస్తారు. గాలి పక్క నుంచి కొడుతుంది కాబట్టి లాభనష్టాలు రెండు వైపులా దాదాపు ఒకటే. లండన్ చూడండి, 7,750 కిలోమీటర్లు, పడమర వైపు దూరం ఎక్కువ. అక్కడ పోవడానికీ రావడానికీ తేడా బాగా తెలుస్తుంది.

భద్రకాళి_చెరువు
2,550 అన్నారు. మా బావమరిది పోయిన ఫ్లైట్‌ను నేను ఫోన్‌లో ఫాలో అయ్యాను, అంతకంటే ఎక్కువే తిరిగింది. ఏది నిజం?

మెట్‌పల్లి_టు_దుబాయ్
రెండూ నిజమే. 2,550 అనేది గుండ్రటి భూమి మీద రెండు ఎయిర్‌పోర్టుల మధ్య అతి దగ్గరి గీత. విమానం ఆ గీత మీదే పోదు. గాలిలో కూడా రూట్లు ఉంటాయి, పేర్లున్న పాయింట్లు ఉంటాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి పోవాలి. లేచేటప్పుడు గాలి ఏ దిక్కు నుంచి వస్తే ఆ దిక్కుకే లేవాలి కాబట్టి ఒక్కోసారి తూర్పుకు లేచి వెనక్కి తిరుగుతుంది. దుబాయ్ దగ్గర రద్దీ ఉంటే పైనే ఒకటి రెండు చుట్లు తిప్పుతారు. అమ్మ మొదటిసారి పోతోంది కాబట్టి ఇది ముందే చెప్పండి చెల్లె. కిందికి దిగకుండా తిరుగుతుంటే కొత్తవాళ్లు భయపడతారు.

ఇందూరు_అన్న
పాకిస్తాన్ మీదుగా పోనివ్వట్లేదు కదా, దాని వల్ల లేట్ అవుతుందా? మా ఊళ్లో అందరూ అదే అంటున్నారు.

మానేరు_గట్టు
2025 ఏప్రిల్‌లో మన విమానాలకు పాకిస్తాన్ గగనతలం మూసేశారు, మనవాళ్లు కూడా వాళ్లకు మూసేశారు. దెబ్బ ఎక్కువగా ఢిల్లీ, అమృత్‌సర్ నుంచి పడమరకు పోయే ఫ్లైట్లకు. మన శంషాబాద్ నుంచి దుబాయ్ దారి మహారాష్ట్ర మీదుగా అరేబియా సముద్రం ఎక్కేస్తుంది. మనకు ఆ బాధ చాలా తక్కువ.

ఇందూరు_అన్న
మంచిది. జిద్దా దూరం కూడా ఎవరైనా చెప్పండి. మా అమ్మానాన్నలు ఉమ్రాకు పోతున్నారు.

మానేరు_గట్టు
నేరుగా 4,140 కిలోమీటర్ల దగ్గర. సౌదీ మనకంటే రెండున్నర గంటలు వెనక. కాబట్టి టికెట్‌లో కనిపించే టైమ్‌కు పోయేటప్పుడు రెండున్నర కలపండి, వచ్చేటప్పుడు రెండున్నర తీసేయండి. ఖతర్, కువైట్ కూడా సౌదీ టైమే. మస్కట్ మాత్రం దుబాయ్ టైమ్, దూరం 2,200 పైచిలుకు. మన జిల్లాల నుంచి పోయేవాళ్లు ఈ రెండు గుంపులు గుర్తు పెట్టుకుంటే చాలు.

మందుల_షాపు_హన్మకొండ
ఓరుగల్లు_పిల్ల గారు, అమ్మ ఇన్సులిన్ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఇన్సులిన్‌ను చెక్-ఇన్ లగేజీలో అస్సలు పెట్టొద్దు. కింద సామాన్ల అరలో చల్లదనానికి గడ్డకట్టవచ్చు, ఒకసారి గడ్డకడితే పనికిరాదు. చేతి సంచిలోనే, డాక్టర్ చీటీతో, షాపు బిల్లుతో, డబ్బా మీద లేబుల్ చింపకుండా పెట్టండి. సెక్యూరిటీ దగ్గర అడిగితే చూపించమనండి. గ్లూకోజ్ బిస్కెట్లు కూడా చేతికి అందేలా ఉండాలి. డోసు ఎన్నింటికి అనేది మీ డాక్టర్‌నే అడగండి, కానీ ఆయనకు సరైన లెక్క ఇవ్వండి. నాలుగు గంటలు అని కాదు, ఇంట్లో బయలుదేరినప్పటి నుంచి అన్నయ్య ఇంట్లో కూర్చునేదాకా మొత్తం ఎంతో చెప్పండి.

ఇంకోటి ముఖ్యం. ఇక్కడ మామూలుగా రాసే కొన్ని నొప్పి మందులు, దగ్గు మందులు అక్కడ నియంత్రిత జాబితాలో ఉన్నాయి. ట్రమడాల్, కోడీన్ ఉన్నవి పక్కింటివాళ్లు "మా వాడికి ఇవ్వండి" అని ఇస్తే తీసుకోవద్దు.

మెట్‌పల్లి_టు_దుబాయ్
పైన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. పక్కవాళ్ల పార్సిల్ ఏదీ వద్దు. పచ్చడి డబ్బా అయినా మీ చేత్తో మీరు కట్టిందే.

ఓరుగల్లు_పిల్ల
ఇవన్నీ రాసుకున్నాను. ఇప్పుడు ఇంటి నుంచి లెక్క చెప్పండి ప్లీజ్. 10 గంటల ఫ్లైట్‌కు హనుమకొండలో ఎన్నింటికి బయలుదేరాలి?

భద్రకాళి_చెరువు
అంతర్జాతీయ ఫ్లైట్ కాబట్టి మూడు గంటల ముందు, అంటే 7కి అక్కడుండాలి. హనుమకొండ నుంచి ఘట్‌కేసర్ దాకా హైవే, అక్కడ ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే నేరుగా శంషాబాద్. మొత్తం 170–180 కిలోమీటర్లు. మూడు గంటలు, చాయ్ ఆపితే మూడున్నర. 3 గంటలకు కారు కదలాలి. విమానం 2,550 కిలోమీటర్లు పోయే టైమ్‌కు మనం శంషాబాద్ కూడా సరిగ్గా చేరం, అదీ మన పరిస్థితి.

కాజీపేట_జంక్షన్
కారు ఎందుకు? కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, మంచి రైలైతే రెండు గంటలు. అక్కడి నుంచి పుష్పక్ బస్సు ఎయిర్‌పోర్టు దాకా. ఖర్చు ఎంత తగ్గుతుంది!

భద్రకాళి_చెరువు
ఒంటరిగా బ్యాగు వేసుకుని పోయేవాళ్లకు బాగుంటుంది. షుగర్ ఉన్న పెద్దావిడ, ముప్పై కిలోల సామాను, తెల్లవారుజామున సికింద్రాబాద్ స్టేషన్ మెట్లు. వద్దు తమ్మీ.

కాజీపేట_జంక్షన్
ముందు రోజు సాయంత్రం రైల్లో పోయి చుట్టాల ఇంట్లో ఉంటే?

వేయిస్తంభాల_దగ్గర
ఇది మంచి మాట. ఉప్పల్‌లో వరంగల్ వాళ్ల చుట్టం లేని ఇల్లుందా? ముందు రోజు సాయంత్రమే అక్కడికి చేరితే అమ్మ రాత్రి టైమ్‌కు తిని, నిద్రపోయి, ఉదయం తేటగా లేస్తుంది. చలికాలంలో అయితే ఇదే చేయండి. జనగామ, భువనగిరి మధ్య తెల్లవారుజామున పొగమంచు దిగితే ముందున్న లారీ బ్రేక్ లైట్లు తప్ప రోడ్డు కనిపించదు. ఆ టైమ్‌లో "ఫ్లైట్ పోతుంది" అని డ్రైవర్‌ను తొందరపెట్టడం ప్రాణాల మీదికి వస్తుంది.

ఇందూరు_అన్న
మాకు నిజామాబాద్ నుంచి 44వ నంబర్ హైవే, మేడ్చల్ దగ్గర ఔటర్. మేమూ అంతే, నాలుగు గంటలు పక్కన పెట్టుకుంటాం.

కడెం_వాగు
ఆదిలాబాద్ వాళ్లం ఏమనాలి మరి? మాకు హైదరాబాద్ 300 కిలోమీటర్లు, నాగ్‌పూర్ 200. ఢిల్లీ, ముంబై పోవాలంటే మా వైపు చాలామంది నాగ్‌పూర్‌లోనే ఎక్కుతారు. మన రాష్ట్రంలో ఉండి పక్క రాష్ట్రం ఎయిర్‌పోర్టు దగ్గర కావడం నాకైతే బాధగానే ఉంటుంది.

ఓరుగల్లు_కోట
ఇదంతా వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టు మొదలైతే తీరిపోతుంది. 1930లో నిజాం కాలంలో కట్టిన ఎయిర్‌పోర్టు మనది. 1981 దాకా నడిచింది. ఆ తర్వాత అట్లా పడావు పెట్టారు.

మానేరు_గట్టు
దూరాల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇది కూడా చెప్పుకోవాలి. 2008లో మొదలైన శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఒప్పందంలో ఒక షరతు ఉంది. 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్ల దాకా ఇంకో ఎయిర్‌పోర్టు రావొద్దు. మామునూరు నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీద 170 దాటుతుంది కానీ నేరు గీత మీద 145 దగ్గర. ఆ నాలుగైదు కిలోమీటర్ల దగ్గరే మన ఫైలు ఏళ్ల తరబడి ఆగింది. చివరికి శంషాబాద్ నిర్వాహకులు అభ్యంతరం లేదన్నారు, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి ఇచ్చింది.

కాజీపేట_జంక్షన్
నిజమా? నేను ఇన్నేళ్లూ రాజకీయం అనుకున్నా.

ఓరుగల్లు_కోట
రాజకీయం లేదని కాదు. కానీ ఈ షరతు కాగితం మీద ఉంది.

జనగామ_లెక్కల_సారు
మామునూరు వచ్చినా మొదట్లో గల్ఫ్ ఫ్లైట్లు ఆశించొద్దు. కస్టమ్స్, ఇమిగ్రేషన్ ఉంటే తప్ప విదేశాలకు నేరుగా పోలేం. మామునూరు నుంచి శంషాబాద్‌కు చిన్న విమానంలో పోయి అక్కడ మారడం గురించి కూడా కొందరు మాట్లాడుతున్నారు. శంషాబాద్ నుంచి విజయవాడకు నేరు దూరం 260 కిలోమీటర్ల పైనే, టికెట్‌లో గంట దాకా వేస్తారు. అందులో నిజంగా ఎగిరేది కొంతే, మిగతాది విమానం రన్‌వే దాకా పోవడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం. 145కి కూడా ఆ ఖర్చు తప్పదు. ఎయిర్‌పోర్టుకు ముందే చేరడం కూడా కలిపితే కారు దాదాపు అదే టైమ్‌కు చేరుతుంది. ఢిల్లీ, ముంబై, తిరుపతి లాంటి దూరాలకైతేనే మనకు లాభం.

ఓరుగల్లు_కోట
ఇది నేను ఒప్పుకోను సార్. దగ్గరి ఎయిర్‌పోర్టు అంటే టైమ్ ఒక్కటే కాదు. ఇక్కడే సామాను ఇచ్చేసి దుబాయ్‌లో తీసుకోవచ్చు. అర్ధరాత్రి హైవే ఎక్కే పని ఉండదు. నలుగురు ఎక్కిన కారు కిరాయి, టోల్, తిరుగు కిరాయి మిగులుతుంది. గల్ఫ్‌లో కూలి పని చేసుకునే వాడికి అది ఎన్ని రోజుల జీతమో లెక్క వేయండి.

మెట్‌పల్లి_టు_దుబాయ్
కోట అన్న మాటకు నా ఓటు. పోయే ప్రతివాణ్ని సాగనంపడానికి మా ఊళ్లో కారు నిండా జనం వస్తారు. ఆ ఖర్చు పోయేవాడి అప్పులోనే కలుస్తుంది.

జనగామ_లెక్కల_సారు
సామాను, ఖర్చు లెక్క న్యాయమైనదే. నేను గంటల గురించే చెప్పాను.

భద్రకాళి_చెరువు
అసలు ప్రశ్నకు వస్తే, తిరుగు ప్రయాణం తేదీ జాగ్రత్త. రాత్రి 9:50కి ఎక్కితే ఇక్కడ దిగేది మరుసటి తేదీ 2:50కి. మా వాడకట్టులో ఒకాయన కొడుకు 14న రాత్రి ఎక్కుతున్నాడంటే, 15న రాత్రి కారు మాట్లాడాడు. ఆ పిల్లాడు 15న తెల్లవారుజామున దిగి, సూట్‌కేసు మీద కూర్చుని ఇంటికి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. డ్రైవర్‌కు "ఫలానా తేదీ రాత్రి" అని చెప్పొద్దు. "15వ తేదీ తెల్లవారుజామున 2:50కి" అని చెప్పి మళ్లీ చెప్పించుకోండి.

మానేరు_గట్టు
అర్ధరాత్రి దాటాక 12:40, 1:15 లాంటి టైమ్‌లకు లేచే ఫ్లైట్లకు ఇదే తిప్పలు. టికెట్‌లో 15 అని ఉంటే 14 రాత్రి భోజనం చేసి ఇంట్లో బయలుదేరాలి. 15 రాత్రి పోతే ఫ్లైట్ వెళ్లిపోయి ఒక రోజు అవుతుంది. మా ఆఫీసులో టికెట్ చేతికిచ్చేటప్పుడు పెన్నుతో ఇంట్లో బయలుదేరే తేదీ, వారం కూడా రాసిస్తాం.

ఓరుగల్లు_పిల్ల
అందరికీ చాలా థాంక్స్. ముందు రోజు సాయంత్రం ఉప్పల్‌లో పిన్ని వాళ్లింటికి పోతున్నాం, కారులోనే. ఉదయం 5:30కి అక్కడి నుంచి బయలుదేరుతాం. డాక్టర్‌కు ఫోన్ చేసి ఇంట్లో లేచినప్పటి నుంచి అన్నయ్య ఇల్లు చేరేదాకా మన టైమ్‌లో రాసిన కాగితం చదివి వినిపించాను. ఇన్సులిన్ ఎప్పుడు, టిఫిన్ ఎప్పుడు, విమానంలో భోజనం వచ్చినప్పుడు ఏం చేయాలి అన్నీ ఆ కాగితం మీదే రాయించుకున్నాను. వీల్‌చైర్ కూడా అడిగాం. ఒక్కటే మిగిలింది, అమ్మకు ఇంగ్లీష్, హిందీ రావు. దుబాయ్‌లో దిగాక ఎట్లా?

మెట్‌పల్లి_టు_దుబాయ్
వీల్‌చైర్ అడిగారు కాబట్టి విమానం తలుపు దగ్గరి నుంచే మనిషి వెంట ఉంటాడు, ఇమిగ్రేషన్, సామాను అన్నీ దాటించి బయట అన్నయ్యకు అప్పగిస్తాడు. అన్నయ్య పేరు, నంబరు, ఇంటి చిరునామా ఇంగ్లీష్‌లో పెద్ద అక్షరాలతో రాసి పాస్‌పోర్టు కవర్‌లో పెట్టండి. ఆ ఫ్లైట్ ఎక్కేవాళ్లలో సగం మంది మన కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వాళ్లే ఉంటారు. పక్క సీటు వాళ్లతో తెలుగులో ఒక్క మాట కలపమనండి చెల్లె, దిగేదాకా వాళ్లే చూసుకుంటారు.